శనివారపు ఉదయ కార్టూన్లు: అల్పాయుష్షు – పునఃప్రసారం

ఉపోద్ఘాతం:

1960ల మధ్యకాలం నుంచి అమెరికాలో సీబీఎస్, ఎన్‌బీసీ, ఏబీసీ టెలివిజన్ సంస్థలు శనివారం ఉదయపు వేళను పిల్లల కార్టూన్ ధారావాహికలకు కేటాయించాయి. వాటిలో అనేకం ఒకటి రెండు సంవత్సరాలకు మించి నిర్మాణంలో నిలవలేదు. అందువల్ల వాటిని అల్పాయుష్క రచనలుగా పరిగణించడం పరిపాటి. అయితే ఒక రచన ఆయుర్దాయాన్ని దాని నిర్మాణకాలంతోనే కొలవవచ్చునా? పునఃప్రసారాల చరిత్రను పరిశీలిస్తే ఈ కొలమానం చాలదని తెలుస్తుంది.

పునఃప్రసారం – నిర్మాణ సూత్రం:

హన్నా-బార్బెరా సంస్థ నిర్మించిన 'వాకీ రేసెస్' 1968 సెప్టెంబరులో సీబీఎస్‌లో ప్రారంభమై, 1969 జనవరి నాటికి 17 భాగాలతో ముగిసింది. ఈ క్లుప్తత వైఫల్యానికి సూచన కాదు. ఏడాదికి సుమారు 16, 17 భాగాలు తయారుచేయించి, వాటినే పలుమార్లు ప్రసారం చేయడం ఆనాటి వాణిజ్య పద్ధతి. పిల్లలు ఒకసారి చూసిన కథను మళ్లీ ఇష్టంగా చూస్తారు. పైగా కొన్నేళ్లలో పాత ప్రేక్షకులు పెద్దవారై తప్పుకుంటారు, కొత్తవారు వస్తారు. వారికి పాత కథే కొత్తది. కదలికలను కుదించి, ఒకే నేపథ్య చిత్రాన్ని పదేపదే వాడే చిత్రణ విధానం కూడా ఈ పొదుపులో భాగమే. కనుక పునఃప్రసారం ఈ ప్రక్రియకు అనంతరకాలంలో చేరిన అంశం కాదు. దాని పుట్టుకలోనే ఉన్నది.

తొలగింపు – పునరాగమనం:

అలెక్స్ టోత్ రూపకల్పన చేసిన 'స్పేస్ ఘోస్ట్' 1966లో సీబీఎస్‌లో మొదలైంది. 1968లో మార్టిన్ లూథర్ కింగ్, రాబర్ట్ కెనడీల హత్యల తరువాత టెలివిజన్ హింసపై విమర్శ తీవ్రమైంది. పిల్లల కార్యక్రమాల సంస్కరణకై పెగ్గీ చారెన్ ప్రభృతులు ఉద్యమ సంస్థను స్థాపించినదీ ఆ సంవత్సరమే. ఈ వాతావరణంలో అంతరిక్ష వీరుల కార్టూన్లు వెనుకకు తగ్గాయి. 1969లో వచ్చిన 'స్కూబీ-డూ, వేర్ ఆర్ యూ!'లో భయం ఉన్నా పోరాటం లేదు. దయ్యం చివరకు ముసుగు మనిషిగా తేలుతుంది. నేటికీ కొత్త రూపాల్లో వస్తున్న ఈ పరంపరకు మూలమైన ధారావాహికలో ఉన్నవి 25 భాగాలే.

ఇక తొలగిపోయిన 'స్పేస్ ఘోస్ట్' 1976లో ఎన్‌బీసీలో పునఃప్రసారమైంది. 1991లో టర్నర్ సంస్థ హన్నా-బార్బెరాను కొనుగోలు చేసి, ఆ చిత్రభాండారం ఆధారంగా 1992 అక్టోబరు 1న కార్టూన్ నెట్‌వర్క్‌ను ప్రారంభించింది. 1994లో ఆ ఛానెల్ పాత బొమ్మలనే వాడి, అదే వీరుణ్ణి అతిథులతో ముచ్చటించే వ్యాఖ్యాతగా మార్చింది. పేరడీ రక్తికట్టాలంటే మూలం ప్రేక్షకుడికి పరిచితమై ఉండాలి. ఆ పరిచయాన్ని కలిగించినది పునఃప్రసారమే.

1995లో ఈ ఛానెల్ భారతదేశానికి వచ్చింది. కేబుల్ ప్రసారాలు అందిన తెలుగు ఇళ్లలో 'స్కూబీ-డూ' వంటి పాత ధారావాహికలు 1990ల బాల్యానికి చెందినవయ్యాయి. శనివారం ఉదయమన్న సందర్భంతో ఆ పిల్లలకు నిమిత్తం లేదు.

ముగింపు:

పునఃప్రసారం రచనను నిలుపుతుంది గాని, దాని సందర్భాన్ని నిలపదు. తొలి ప్రసారంలో ముందువెనుకల వచ్చిన ప్రకటనలు, వారానికొకసారి ఎదురుచూసిన వేళ, నాటి వివాదాలు జారిపోతాయి. అంతేకాక, ఏది నిలవాలన్నది ప్రేక్షకాదరణతో పాటు చిత్రభాండారం ఎవరి చేతిలో ఉన్నదన్న విషయంపై కూడా ఆధారపడుతుంది. అందువల్ల జనప్రియ ప్రక్రియల చరిత్ర రాసేవారు రచన వెలువడిన తేదీతో ఆగక, అది ఏయే తరాలకు, ఎవరి ద్వారా, ఏ రూపంలో చేరిందో కూడా నమోదు చేయవలసి ఉంటుంది.