విద్యార్థులు - గ్రామసేవ

కాజీపేటనుండి విజయవాడకు పోవు రైలుమార్గమున నెక్కొండ యొక స్టేషను. అచ్చటికి ఈశాన్యమున, నర్సంపేటకు ఆవల, పాకాల చెరువు కలదు. 13వ శతాబ్దమున, కాకతీయ గణపతిదేవుని యేలుబడిలో, జగదాళ ముమ్మడి దానిని కట్టించెను. కట్టించినవాని పేరు శాసనమున నిలిచినది. కాని చెరువును ఒకనాడు కట్టిన చాలదు. పూడిక తీయవలెను, కట్టకు గండి పడకుండ కాపాడవలెను, తూము విప్పి నీటిని పొలములకు సరిగా పంచవలెను. ఆ పనులు చేసినవారి పేర్లు శాసనములకెక్కుట అరుదు.

చదువుకొన్న యువజనులు ఇట్టి పేరులేని పనికి పూనుకొనవలెనను తలంపు స్వతంత్ర భారతమున ఆదినుండియు ఉన్నదే. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి అధ్యక్షతన 1948లో ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యాసంఘము విద్యార్థులు స్వచ్ఛందముగా జాతీయసేవ చేయవలెనని సూచించెను. 1959లో సి. డి. దేశ్‌ముఖ్ గారి సంఘము మరియొక మార్గము చూపెను: ఉన్నత పాఠశాల ముగించి కళాశాలలో చేరగోరు ప్రతి విద్యార్థియు తొమ్మిది నెలలనుండి సంవత్సరమువరకు విధిగా సేవ చేయవలెను. వ్యయభారమువలనను, అమలులోని చిక్కులవలనను అది ఆచరణకు రాలేదు. పిమ్మట కె. జి. సయ్యదైన్ గారు పలుదేశముల పద్ధతులు పరిశీలించి, సేవ స్వచ్ఛందముగానే ఉండుట మేలనిరి.

తుదకు గాంధీజీ శతజయంతి సంవత్సరమున, 1969 సెప్టెంబరు 24న, కేంద్ర విద్యామంత్రి వి. కె. ఆర్. వి. రావు గారు జాతీయ సేవాపథకమును 37 విశ్వవిద్యాలయములలో ప్రారంభించిరి. తొలుత చేరినవారు 40,000 మంది. నాటికి ఓరుగల్లునకు సొంత విశ్వవిద్యాలయము లేదు. కాకతీయ విశ్వవిద్యాలయము 1976లో వెలసినది.

నిర్బంధమునకు బదులు స్వచ్ఛందమును ఎన్నుకొనుట చిన్న విషయము కాదు. బలవంతపు సేవ వెట్టికి దగ్గరి చుట్టము. వెట్టిచాకిరిని తరతరములుగా అనుభవించిన తెలంగాణమునకు ఆ భేదమును విడమరచి చెప్పనక్కరలేదు.

అయినను మనసారా చేసిన సేవయు ఒక ప్రశ్నకు బదులు చెప్పవలసియున్నది. ఈ పథకమున చేరిన విద్యార్థి రెండేండ్లలో 240 గంటలు సేవ చేయవలెను. ఒక గ్రామమున ఏడు దినముల శిబిరములో పాల్గొనవలెను. ఏడు దినములలో వీధులు శుభ్రపడును, చెరువుగట్టున మొక్కలు నాటబడును. ఎనిమిదవనాడు ఆ మొక్కలకు నీరు పోయువారెవరు?

దీనికి సమాధానము శిబిరము ముగిసిననాడు దొరకదు, మొదలిడిననాడే వెదకవలెను. నెక్కొండ సీమలోని రైతునకు తన చెరువు ఎచ్చట పూడినదో, ఏ కాలువ తెగినదో విద్యార్థికంటె బాగుగా తెలియును. ముందుగా అతని నడిగి, అతనితో కలిసి పలుగు పట్టి, పనిని ఊరివారి చేతులలో పెట్టి మరలివచ్చువాడే నాయకుడు. "నేను కాదు, నీవు" అనునది ఈ పథకపు ధ్యేయవాక్యము. పేరు శాసనమున లేకున్నను చెరువును నిలిపినవారు దానిని ఏనాడో ఆచరించి చూపిరి. మన విద్యార్థులు చేరవలసినది వారి వరుసలోనే.