మన్రో దొర బిరుదు, దాని వారసులు

మడకశిర సీమలో వంశపారంపర్యంగా పెత్తనం చేసినవాళ్లు పాళెగాళ్లు. 1565 తర్వాత పెనుకొండకు చేరిన విజయనగర అధికారం సన్నగిల్లేకొద్దీ వాళ్ల బలం పెరిగింది. రొళ్ల దగ్గరి రత్నగిరి కొండకోట అలాంటి ఒక వంశానిది. శిరా కోటకు పునాది వేసిన రంగప్పనాయకుడు ఆ ఇంటివాడే. పాళెగాడి హోదా వట్టి పేరు కాదు. పన్ను, కావలి, కట్టుబడి బంట్లు, అన్నీ దాని వెంటే ఉండేవి.

1800 అక్టోబరులో నిజాము ఈ జిల్లాలను కంపెనీకి ధారాదత్తం చేశాక థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా అనంతపురం వచ్చాడు. అతని కింది జిల్లాల్లో అప్పటికి 80 మంది పాళెగాళ్లు ఉన్నారు. ఏడేళ్లలో కొందరిని వెళ్లగొట్టి, కొందరికి పింఛనిచ్చి, వాళ్ల బంట్ల దళాలను రద్దు చేశాడు. భూమి కొలిపించి శిస్తును నేరుగా రైతుతోనే ఖరారు చేశాడు. అదే రైతువారీ. పుట్టుకతో వచ్చే దొరతనాన్ని ఇక్కడ ఇంతగా తుడిచిపెట్టిన అధికారి మరొకడు లేడు. ఆ మన్రోకే 1825లో పుట్టుకతో సంక్రమించే బిరుదు దక్కింది!

అప్పటికతను మద్రాసు గవర్నరు. బర్మా యుద్ధానికి మద్రాసు నుంచి సైన్యం, సరుకు సమకూర్చినందుకు లిండర్టిస్ బారొనెట్‌ను చేశారు. లిండర్టిస్ స్కాట్లండులోని ఫార్ఫర్ కౌంటీలో ఒక ఎస్టేటు. బారొనెట్ హోదాను 1611లో మొదటి జేమ్స్ రాజు సొమ్ము కోసం పుట్టించాడు. 30 మంది సైనికులను మూడేళ్లు పోషించడానికయ్యే 1,095 పౌన్లు కట్టినవాళ్లకు ఇచ్చేవాడు. దాన్ని పొందినవాడి పేరు ముందు ‘సర్’ చేరుతుంది, తర్వాత అది మగ వారసుడికి పోతుంది. ప్రభువుల సభలో చోటు మాత్రం రాదు. కచ్చితంగా చెప్పాలంటే అది ప్రభువుల్లో లెక్కే కాదు. పాళెగాడికున్న కావలి, బంట్లు కూడా దీనికి లేవు.

బిరుదు వచ్చిన రెండేళ్లకే, 1827 జూలై 6న, మన్రో పత్తికొండలో కలరాతో చనిపోయాడు. గుత్తిలో సమాధి చేశారు; తర్వాత అస్థికలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తరలించారు. మన్రోలప్ప అని పిల్లలకు పేరు పెట్టుకునే అలవాటు ఈ సీమలో చాలాకాలం సాగింది.

ఎనిమిదేళ్ల కొడుకు థామస్ రెండో బారొనెట్ అయ్యాడు. 1901లో అతను పోయాక బిరుదు తమ్ముడు క్యాంప్‌బెల్‌కు, 1913లో క్యాంప్‌బెల్ కొడుకు హ్యూకు వచ్చింది. ఈ వరుసలో తాత తర్వాత గుర్తుంచుకోదగ్గవాడు హ్యూ ఒక్కడే. అదీ బిరుదు వల్ల కాదు. 3,000 అడుగులు దాటిన స్కాట్లండు శిఖరాల పట్టికను 1891లో, అంటే బిరుదు రాక ముందే, అచ్చేశాడు. విడి పర్వతాలే 283 లెక్కతేలాయి. నేటికీ అక్కడి పర్వతారోహకులు వాటిని ‘మన్రోలు’ అనే పిలుస్తారు. ఆ తర్వాతి ఇద్దరు 1985 దాకా ఒకరు, 2014 దాకా మరొకరు బారొనెట్లుగా ఉన్నారు. లిండర్టిస్ భవనాన్ని 1950లలో పడగొట్టారు.