ఉపాధ్యాయులకు నగదు రహిత వైద్యం: ఉద్దానంలో అవగాహన ఆవశ్యకత

శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు కొసన, ఒడిశా సరిహద్దుకు చేరువలో గల కంచిలి మండలం ఉద్దానం ప్రాంతంలోనిది. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలతో పాటు ఇచ్చట దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి దశాబ్దాలుగా ప్రబలియున్నది. దీనికి మూలకారణం ఇంకను నిర్ధారణ కాలేదు. ఇట్టి ప్రాంతంలో పనిచేయు ఉపాధ్యాయునికి తన ఆరోగ్య పథకం గురించి ఎంతవరకు తెలియుననునది కుటుంబ క్షేమానికి సంబంధించిన విషయం.

2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ తొలి విడతగా మూడు జిల్లాలలో ప్రారంభమైనప్పుడు వాటిలో శ్రీకాకుళం ఒకటి. అయితే అది తెల్లకార్డు కుటుంబాలకు ఉద్దేశించినది. ఉపాధ్యాయులు 1972 నాటి సమీకృత వైద్య పరిచర్య నియమావళి ప్రకారం ముందుగా తమ సొమ్ము ఖర్చు చేసి, పిదప బిల్లులు సమర్పించి తిరిగి పొందవలసివచ్చెడిది. అప్పు చేసి ఆసుపత్రికి కట్టిన సొమ్ము నెలల తరబడి చేతికి రాకపోవుటయే నాటి ప్రధాన అసంతృప్తి.

ఈ ఇబ్బందిని తొలగించుటకు 2013 డిసెంబరు 5న ఉద్యోగుల ఆరోగ్య పథకం అమలులోనికి వచ్చినది. ఉమ్మడి రాష్ట్రంలో వేతన శ్రేణినిబట్టి నెలకు రూ.90 లేదా రూ.120 ఉద్యోగి వాటాగా నిర్ణయించబడినది. తరువాతి కాలంలో ఈ మొత్తాలు పెరిగినవి. స్థానిక సంస్థల పాఠశాలల క్రమబద్ధ ఉపాధ్యాయులు సైతం ఇందులో చేరియున్నారు. ప్యాకేజీ రేట్లు చాలవని పెద్ద ప్రైవేటు ఆసుపత్రులు మొదట వెనుకాడినందున, ఉద్యోగ సంఘాల కోరికపై రీయింబర్సుమెంటు విధానం కూడా కొనసాగించబడినది.

జీతం నుండి మినహాయింపు ప్రతి నెల జరుగును గాని, కార్డులోని వివరాలు వాటంతటవి మారవు. కొత్తగా వివాహమైన వారు, బిడ్డ పుట్టిన వారు ఆన్‌లైన్‌లో వివరాలు చేర్పించుకొనవలెను. ఆధారపడిన తల్లిదండ్రులు అర్హులు. ఉద్యోగం లేని కుమారుడు 25 సంవత్సరాల వయస్సు వరకే అర్హుడు. భార్యాభర్తలిరువురు ఉద్యోగులైనచో ఒకరి వాటా చాలును. ఉపాధ్యాయ దంపతులు అధికంగా గల మండలాలలో ఈ ఒక్క నిబంధన తెలియుట ఎంతో మేలు. ఈ దరఖాస్తులు జీతాలు డ్రా చేయు అధికారి ద్వారా, అనగా ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడు, మండల పరిషత్ పాఠశాలలకు మండల విద్యాశాఖాధికారి ద్వారా పరిశీలనకు వెళ్లును. ఆ బల్లపై ఆగిన దరఖాస్తు ఆసుపత్రి కౌంటరు వద్ద కుటుంబాన్ని ఆపివేయగలదు.

అవగాహన ఉన్నంత మాత్రాన సంతృప్తి కలుగదు. కంచిలి నుండి విశాఖపట్నం రెండు వందల కిలోమీటర్లకు పైబడిన దూరం. అత్యవసర సమయంలో బరంపురం చేరుట ఇక్కడివారికి సులభం. కాని చేరిన ఆసుపత్రి పథకంలో నమోదు కానిచో నగదు చెల్లించక తప్పదు. అట్టి సందర్భంలో అత్యవసర ధ్రువపత్రం, డిశ్చార్జి సారాంశం, అసలు బిల్లులు భద్రపరచుకొని, డిశ్చార్జి అయిన ఆరు నెలలలోగా క్లెయిము సమర్పించవలెను. తిరిగి వచ్చు మొత్తం ప్యాకేజీ రేట్లకు లోబడి ఉండును. కట్టినదంతయు వచ్చునని ఆశించినవారే తరచు నిరాశ చెందుదురు.

పలాసలో 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి, కిడ్నీ పరిశోధనా కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమైనందున మూత్రపిండాల చికిత్స కొంత దగ్గరైనది. వారానికి రెండు మూడు పర్యాయములు డయాలసిస్ అవసరమైన వారికి ఈ సామీప్యం వలన ప్రయాణపు ఖర్చు, సెలవులు రెండును కలిసివచ్చును.

ఆసుపత్రులకు బకాయిల చెల్లింపు మరొక అంశం. 2024 మే నెలలో ప్రైవేటు ఆసుపత్రులు బకాయిల కారణంగా నగదు రహిత సేవలను నిలిపివేసినవి. వాటా క్రమం తప్పక చెల్లించు ఉద్యోగి దృష్టిలో ఇట్టి అంతరాయం పథకంపై విశ్వాసాన్ని తగ్గించును. అదే సంవత్సరం ట్రస్టుకు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ ట్రస్టు అని పేరు మార్చబడినది. ఉద్యోగుల పథకం నిర్వహణ దాని ఆధ్వర్యంలోనే కొనసాగుచున్నది. సందేహములున్నవారు 104 నంబరుకు ఫోన్ చేయవచ్చును.