అరిస్టాటిల్ తర్వాత మాకియవెల్లేనా?

రాజనీతి సిద్ధాంతం చదవాలని యూనివర్సిటీకొచ్చే మన పిల్లలు ఆప్షనల్ పేపర్ల జాబితా ముందు నిలబడి రెండే ప్రశ్నలడుగుతారు. మార్కులు దేంట్లో పడతాయి? గ్రూప్స్‌కి ఏది పనికొస్తుంది? అడగాల్సిన మూడో ప్రశ్న ఒకటుంది. ఈ పేపర్లో మాట్లాడేదెవరు, మాట దక్కనిదెవరికి?

పాశ్చాత్య రాజనీతి పేపరు ప్లేటో, అరిస్టాటిల్, అక్వినాస్‌ల మీదుగా మాకియవెల్లికి చేరడం మామూలు. మధ్యలో ఫారాబీ కనపడడు. ప్లేటో 'రిపబ్లిక్'కి వ్యాఖ్యానం రాస్తూ, ఆడవాళ్లని పిల్లల్ని కనడానికే పరిమితం చేయడం వల్ల నగరాలు పేదవవుతున్నాయని 12వ శతాబ్దంలోనే చెప్పిన ఇబ్న్ రుష్ద్ కనపడడు. ఆ వ్యాఖ్యానం అరబ్బీ మూలం పోయింది. యూదుల హీబ్రూ అనువాదంలో బతికింది. రాజ్యాలెందుకు లేస్తాయో ఎందుకు కూలతాయో 1377లో రాసిన ఇబ్న్ ఖల్దూన్ కూడా లేడు.

హైదరాబాదుకి ఈ పేర్లు కొత్తవి కావు. 1918లో ఉస్మానియా ఏర్పడకముందే, 1917లో, పాఠ్యపుస్తకాల్ని ఉర్దూలోకి తేవడానికి దారుల్ తర్జుమా పెట్టారు. అక్కడ చరిత్ర, రాజనీతి బోధించిన హారూన్ ఖాన్ షేర్వానీ ముస్లిం రాజనీతి చింతన మీద ఒక గ్రంథమే రాశారు. 1948 పోలీసు చర్య తర్వాత ఉర్దూ మాధ్యమం పోయింది.

పోయిందని ఏడ్చి ఊరుకుంటే మాత్రం సగం చరిత్రే అవుతుంది. ఆ ఇల్మ్ ఎంతమందికి అందింది? సంస్థానంలో ఎక్కువమంది మాట్లాడింది తెలుగు. దూదేకులవాళ్ల ఇళ్లలోనూ తెలుగే. మనదని చెప్పుకునే సంప్రదాయంలోనే జియావుద్దీన్ బరనీ ఉన్నాడు. తక్కువ పుట్టుక వాళ్లకి నమాజు, రోజా నియమాలకి మించి చదువు చెప్పొద్దని 14వ శతాబ్దంలో సుల్తానులకి సలహా ఇచ్చాడు. ఫారాబీని కోరుకునేవాళ్లు బరనీని దాచకూడదు.

పేపర్లు ఎంచుకోవడం అంబేద్కర్‌ని చూసి నేర్చుకోవాలి. 1913లో కొలంబియా వెళ్లిన ఆయన చదివింది ప్రధానంగా అర్థశాస్త్రం. అయినా జాన్ డ్యూయీ తత్వశాస్త్రం పాఠాలు విన్నాడు. మానవశాస్త్రం సెమినార్లో 1916లో కులాల పుట్టుక మీద పత్రం చదివాడు. తన బతుకు ప్రశ్నకి జవాబు ఏ శాఖలో దొరికితే అక్కడికి వెళ్లాడు.

మన పిల్లలూ అదే చెయ్యాలి. సిద్ధాంతం పేపరుతోపాటు మధ్యయుగ చరిత్ర ఒకటి, కులం మీద సమాజశాస్త్రం ఒకటి తీసుకోవాలి. సిలబస్‌లో లేని ఇబ్న్ రుష్ద్‌ని సెమినారు పేపరుగా రాసివ్వాలి. మనల్ని వదిలేసిన సిలబస్‌ని నిలదీసే నోటితోనే, మనవాళ్లు వదిలేసిన దూదేకుల మాటా అడగాలి.