వాక్కుకు అనుమతి ఎవరివ్వాలి? వేములవాడ నుండి మర్లవాయి వరకు

కరీంనగర్ జిల్లా గంగాధర మండలంలో కురిక్యాల గ్రామ సమీపాన బొమ్మలగుట్ట అని ఒక కొండ ఉన్నది. దాని శిలాముఖం మీద జైనదేవతా మూర్తులు, వాటి క్రింద ఒక శాసనం కనిపిస్తాయి. కన్నడ ఆదికవి పంపని తమ్ముడు జినవల్లభుడు సుమారు క్రీ.శ. 945 ప్రాంతంలో చెక్కించిన శాసనమిది. అందులో సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఉన్నాయి. తెలుగు భాగం కందపద్యాలలో సాగుతుంది. నన్నయ భారతానికి దాదాపు ఒక శతాబ్దం ముందే మన నేలమీద కందం ఈ విధంగా శిలారూఢమైనది.

ఆ కాలాన ఈ సీమను పాలించినవారు వేములవాడ చాళుక్యులు. శైవక్షేత్రంగా నేడు మనం సేవించే వేములవాడకు అప్పటి పేరు లేంబులపాటకం. అరికేసరి ఆస్థానంలో పంపడు 941లో విక్రమార్జున విజయాన్ని కన్నడంలో రచించాడు. మరికొంత కాలానికి, 959లో, సోమదేవసూరి అనే జైనాచార్యుడు గంగాధరలోనే యశస్తిలక చంపువును సంస్కృతంలో పూర్తిచేశాడు. ఆ గ్రంథం సౌమ్యమైనది కాదు. పిండితో చేసిన కోడిని బలి ఇచ్చినా హింసాసంకల్పదోషం తప్పదని చెప్పే యశోధరుని కథ అది. వైదిక పశుయాగాన్ని సూటిగా ఖండిస్తుంది, ఇతర దర్శనాలను కూడా విడిచిపెట్టదు. అంతటి ఖండన చేసిన ఆచార్యునికి దొరికినది శిక్ష కాదు. 966 నాటి పర్భణి తామ్రశాసనం ప్రకారం లేంబులపాటకంలోని శుభధామ జినాలయం నిమిత్తం రాజు ఆయనకు గ్రామాన్ని దానం చేశాడు.

దీనిని పాలకుని ఔదార్యమని మాత్రమే భావించడం పొరపాటు. దీని వెనుక మన శాస్త్రపద్ధతి ఉన్నది. ఏ భాష్యకారుడైనా మొదట పూర్వపక్షాన్ని, అందునా ప్రత్యర్థి స్వయంగా అంగీకరించేటంత బలంగా, స్థాపించిన తరువాతనే సిద్ధాంతానికి వస్తాడు. పదునాలుగవ శతాబ్దంలో మాధవాచార్యుడు సర్వదర్శనసంగ్రహాన్ని ఎవరితో ఆరంభించాడు? వేదాన్నీ పరలోకాన్నీ తిరస్కరించిన చార్వాకునితో! ప్రత్యర్థి నోరు మూయిస్తే సిద్ధాంతం నిలబడదని, నిరాధారమవుతుందని ఆ పెద్దలు ఎరుగుదురు.

మరి వాక్కుకు హద్దు లేదా? ఉన్నది. గీతలో పదునేడవ అధ్యాయం వాఙ్మయ తపస్సును నిర్వచిస్తూ ఇతరులకు ఉద్వేగం కలిగించకపోవడం, సత్యం, ప్రియత్వం, హితత్వం అనే లక్షణాలను చెప్పి, వాటికి స్వాధ్యాయాన్ని జోడించింది. అయితే ఇది తపస్సు. తనపై తాను విధించుకొనే నియమమే తపస్సవుతుంది. మరొకడు బలవంతంగా విధిస్తే దానికి ఆ పేరు చెల్లదు. ఈ భేదాన్ని గుర్తుంచుకుంటే ఇదే సీమలో వేయి సంవత్సరాల తరువాత జరిగినది స్పష్టమవుతుంది.

1921 నవంబరు 12న హైదరాబాదులోని వివేకవర్ధిని థియేటరులో సంఘసంస్కార సభ జరిగింది. అధ్యక్షులు మహర్షి కర్వే. అల్లంపల్లి వేంకటరామారావుగారు తెలుగులో మాట్లాడబోగా సభికులు అల్లరిచేసి కూర్చోబెట్టారు. అక్కడ రాజాజ్ఞ ఏదీ లేదు, అపహాస్యమే నిషేధమైనది. ఆ అవమానంలోనుండి ఆంధ్రజనసంఘం పుట్టింది. తరువాత మాడపాటి హనుమంతరావుగారు 1928లో నారాయణగూడలో బాలికలకు తెలుగు మాధ్యమ పాఠశాల స్థాపించినప్పుడు, ఉర్దూ మాధ్యమమే ప్రాణంగా 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం గుర్తింపు ఇవ్వలేదు. గుర్తింపు లభించినది ఎక్కడి నుండి? పుణెలో అదే కర్వేగారు స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయం నుండి. కాలం ఋణాలను ఇలాగే తీర్చుతుందేమో!

సంస్థానంలో ఖాన్గీ పాఠశాల తెరవడానికి ముందుగా సర్కారు అనుమతి కావాలి. 1920ల చివరి నాటికి 'గస్తీ నిషాన్ 53' అనే ఉత్తరువు సభలకూ అదే కట్టు విధించింది. నలుగురు కూడి మాట్లాడుకోవాలంటే అనుమతి, రాజకీయం పలకరాదనే షరతు. గ్రంథాలయం పెట్టినా అనుమానమే. ఆశ్చర్యమేమంటే, ఈ ఉత్తరువును రద్దుచేయమని కోరడానికి కూడా ఆ ఉత్తరువు ప్రకారమే అనుమతి తెచ్చుకొని సభ జరపవలసి వచ్చేది.

ఆ కట్టుబాట్ల మధ్యనే 1935లో నాల్గవ నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ సిరిసిల్లలో జరిగింది. మాడపాటివారే అధ్యక్షులు. వెంటనే జరిగిన మహిళాసభకు మాడపాటి మాణిక్యాంబగారు అధ్యక్షత వహించారు. సిరిసిల్ల వేములవాడకు కూతవేటు దూరం. సోమదేవసూరి యజ్ఞఖండన చేసిన సీమలోనే తెలుగులో బడి కావాలని అడగడానికి దరఖాస్తు అవసరమైనది. సిరిసిల్ల సమీపంలోని హనుమాజీపేటలో అప్పటికి నాలుగేళ్ల బాలుడైన సి. నారాయణరెడ్డిగారు ఉర్దూ మాధ్యమంలోనే చదువుకొని, తెలుగు కవియై 1988కి గాను జ్ఞానపీఠం అందుకున్నారు. ఆయన ఉర్దూను ద్వేషించలేదు, గజలును తెలుగులోకి తెచ్చారు. దోషం భాషలో లేదు, నిర్బంధంలో ఉన్నది.

1938 నవంబరులో ఔరంగాబాదు కళాశాల వసతిగృహంలోనూ, వెంటనే ఉస్మానియాలోనూ ప్రార్థనామందిరాలలో విద్యార్థులు వందేమాతరం పాడారు. అధికారులు నిషేధించారు. విద్యార్థులు సమ్మె చేశారు. ఫలితంగా వందలాదిమంది బహిష్కృతులయ్యారు. వరంగల్లులో చదువుతుండిన వంగర యువకుడు పి.వి. నరసింహారావుగారు వారిలో ఒకరు. (వంగర నాడు కరీంనగర్ జిల్లాలోనిది.) నాగపూరు విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులు కేదార్‌గారు తలుపు తెరవకపోతే ఆ పిల్లల విద్య అక్కడితో ముగిసేది. ఒక గీతం పాడినందుకు అంతటి దండన అన్యాయమని నా నిశ్చితాభిప్రాయం. అది ప్రార్థనాసమయం, వారు ఎవరినీ దూషించలేదు.

అయితే ఇక్కడ మనలో చాలామంది ఆగిపోతారు, ఆగరాదు. పాడే స్వేచ్ఛను సమర్థించినవాడు పాడకుండా ఉండే స్వేచ్ఛను కూడా సమర్థించాలి. 1986లో సుప్రీంకోర్టు కేరళకు చెందిన ముగ్గురు పిల్లల విషయంలో ఇదే నిర్ణయించింది. జాతీయగీతం వేళ వారు మర్యాదగా నిలబడేవారు గాని, తమ మతవిశ్వాసం కారణంగా పాడేవారు కాదు. బడి వారిని వెళ్ళగొట్టింది, న్యాయస్థానం తిరిగి చేర్చుకొమ్మన్నది. రాజ్యాంగం 19వ అధికరణంలో భావప్రకటన స్వేచ్ఛను ఇచ్చి, శాంతిభద్రతలు, సభ్యత, పరువు వంటి కారణాలపై హద్దులకు తావిచ్చింది. ఆ హద్దులు 'సహేతుకమైనవి'గా ఉండాలన్న మాట 1951లో చేరింది. మౌనవ్యాఖ్యతో శిష్యుల సంశయాలు తీర్చిన దక్షిణామూర్తిని ఉపాసించే మనకు, మౌనం కూడా వాక్కేనని వేరే చెప్పాలా?

ఇక ఆదిలాబాదు. 1940లో జోడేఘాట్ వద్ద కొమరం భీం మరణించిన తరువాత, గోండుల స్థితిని పరిశీలించడానికి నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను నియోగించింది. ఆయన ప్రేరణతో 1943లో మర్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైనది. దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు తయారయ్యాయి. తెలుగు బడికి గుర్తింపు ఇవ్వని సంస్థానంలోనే గోండు పిల్లవాడు మాతృభాషలో అక్షరాలు దిద్దుకున్నాడు. చరిత్ర మనకు అనుకూలమైన కథలు మాత్రమే చెప్పదు. తెలుగు రాష్ట్రం ఏర్పడిన తరువాత ఆ గోండీ బోధన క్రమంగా వెనుకబడి, ఆ గూడెంలోనికి తెలుగు వాచకం వెళ్ళింది. మాతృభాష కోసం సిరిసిల్లలో మనం చేసిన వాదాన్ని మర్లవాయి బాలుడు చేసినప్పుడు మనం వినలేదు. ఉద్దేశం చెడ్డదని నేననను, కాని పూర్వపక్షం వినకుండానే సిద్ధాంతం చేశాము.

తరువాత 2006 ప్రాంతంలో నార్నూరు సీమలోని గుంజాల గ్రామంలో, గోండీకి స్వంతమైన లిపిలో వ్రాసిన ప్రతులు వెలుగులోకి వచ్చాయి. ఆచార్య జయధీర్ తిరుమలరావు మొదలైనవారు వాటిని పరిశీలించి ప్రచారంలోకి తెచ్చారు. గుంజాల గోండీ లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. కందపద్యం చెక్కిన బొమ్మలగుట్ట కరీంనగర్‌లో, ఆ ప్రతులను దాచుకున్న గ్రామం ఆదిలాబాదులో ఉన్నాయి. రెండూ ఎవరి అనుమతీ అడిగి వ్రాసినవి కావు.