పటమొకచోట, పాటయొకచోట

మన సంఘంలో అరువదేండ్లు దాటిన పెద్దలను అడిగి చూడండి. కరీంనగర్, వరంగల్లు, నల్లగొండ పల్లెలలో కూనపులివారు వచ్చి, పటం కట్టి, మార్కండేయ పురాణం చెప్పిన రాత్రులు చాలమందికి జ్ఞాపకమున్నాయి. మొన్న మా పూర్ణలో ఒక పెద్దాయన మమ్ములను పట్టుకొని, "బిడ్డా, నువ్వు సదువుకున్నోనివి. భావనారుషి లగ్గం పాట నీ ఫోన్ల దొరుకుతదేమో జెర చూడు" అన్నారు. అరగంట వెదికినాము. వచ్చినవి నాలుగు సినిమా పాటలు, ఒక కల్యాణమంటపం ప్రకటన. పెద్దాయన నవ్వి వెళ్ళిపోయినారు. మాకు మాత్రం ఆ రాత్రి నిద్రపట్టలేదు. లోకంలో ఉన్నదంతా యంత్రంలో ఉన్నదంటున్నారు గదా, మరి ఆ పాట ఏమైనట్లు? విచారించగా మాకు తెలిసినంత ఈ ఉగాది సంచికలో విన్నవించుకొంటున్నాము.

ముందు పటం సంగతి. తెలంగాణంలో ఒక్కొక్క కులానికి ఒక్కొక్క పురాణం, దానిని చెప్పుకొనేందుకు ఒక ఆశ్రిత కులం ఉన్నది. మాదిగలకు జాంబ పురాణం చెప్పేవారు డక్కలివారు; మన పద్మశాలీలకు కూనపులివారు. వారి పటాలను వ్రాసేవారు నకాషీలు. ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్న చేర్యాల ఆ పనికి పేరుపొందినది. ఖద్దరు గుడ్డకు గంజి, తెల్లమట్టి, చింతగింజల జిగురు పట్టించి, ఎర్రని నేలమీద వరుస వరుసలుగా బొమ్మలు వేస్తారు. వెడల్పు సుమారు మూడడుగులు, పొడవు నలువది నుండి అరువది అడుగుల దాకా ఉండేది. మార్కండేయుని తపస్సు, ఆయన యజ్ఞంలో భావనా ఋషి పుట్టుట, తామరతూటి నూలుతో మొదటి బట్ట నేయుట, భద్రావతిని పెండ్లాడుట, కాలవాసురునితో యుద్ధం – అన్నీ అందులోనే. కథకుడు పటం విప్పుతూ కర్రతో బొమ్మను చూపి పాడుతాడు, వంతవారు అందుకొంటారు, నడుమ వచనం, తాళం. బొమ్మ, పాట, మాట మూడూ కలిస్తేనే అది కథ. విడదీసి చూచిన తాతలు లేరు.

పటం పాతబడి చినిగితే మనిషికి చేసినట్లే క్రియ జరిపి నదిలో విడిచి, నకాషీచేత కొత్తది వ్రాయించేవారు. పటం పోయినా కథ పోయేది కాదు. గొంతులో ఉన్నది గనుక. కాని మగ్గం కూడు పెట్టక మనవారు షోలాపురం, సూరతు, భివండి చేరినారు. మిరాశీ ఇచ్చే ఇండ్లకు తాళాలు పడిన తరువాత కూనపులివారు ఎవరికి చెప్పగలరు? కొన్ని పటాలు అమ్ముడై సేకరణలకు చేరినవి. హైదరాబాదులో జగదీశ్ మిత్తల్‌గారు సేకరించిన కళాసంపదలో తెలంగాణ పటాలు భద్రంగా ఉన్నాయి. పాటలు మరియొక దారిన పోయినవి. ఉస్మానియాలో బిరుదురాజు రామరాజుగారు జానపద గేయాలపై పరిశోధన చేసి 1958లో గ్రంథం ప్రకటించినారు. అటువంటి మహనీయులవల్ల ఎన్నో పాటల మాట దక్కినది. అయితే అచ్చులో వరుస రాదు, పటానికి నోరు లేదు.

ఇది నేటి కష్టం కాదు. కల్నల్ మెకంజీకి కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు ఊరూరా తిరిగి కైఫీయతులు, శాసనాలు, బొమ్మలు కూడబెట్టి పెట్టినారు. మెకంజీ 1821లో పోయినాడు. విల్సన్ దొర 1828లో జాబితా అచ్చువేసినాడు. పెద్ద పనే. కాని సేకరణ చీలిపోయినది. కైఫీయతులు చాలవరకు మదరాసులో, బొమ్మలు లండనులో. ఒక గుడిని గూర్చిన రాత, ఆ గుడి బొమ్మ సముద్రానికి అటొకటి ఇటొకటి. రైల్వే పార్సెలాఫీసులో లేబులు ఊడిన మూట ఎట్లో ఇదీ అట్లే: సరుకు పదిలంగానే ఉంటుంది, ఎవరిదో తెలియదు.

తాళ్ళపాక అన్నమాచార్యుల సంకీర్తనల కథ ఇంకా చిత్రం. ఆయన 1503లో పరమపదించినారు. తిరుమలలో దాచిన రాగిరేకులు 1922లో బయటపడినవి. రెండువేలకు పైగా రేకులు, పన్నెండువేలకు మించి పాటలు. రేకుమీద పాటకు రాగం పేరు ఉన్నది, స్వరం లేదు. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితులు పరిష్కరించినారు. నేడు మనం వినే వరుసలు రాళ్ళపల్లి, నేదునూరి కృష్ణమూర్తి, బాలకృష్ణప్రసాద్ వంటివారు కట్టినవి. అన్నమయ్య నోటి వరుస ఏదని ఏ యంత్రాన్ని అడిగినా లాభం లేదు. రాగికి కూడా అది తెలియదు!

ఇక యంత్రం సంగతి. అది రాతను, ధ్వనిని, బొమ్మను వేరువేరు కండ్లతో చూస్తున్నది. మూడింటా మనకు చిక్కులే.

రాతలో మొదటి చిక్కు మన లిపి. "స్త్రీ" అన్న ఒక్క అక్షరంలో స, త, ర, దీర్ఘం ఒకదానిమీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. తాటాకులో మాటకూ మాటకూ నడుమ ఎడం ఉండదు. 2000 తరువాత రాజ్ రెడ్డిగారి వంటివారి పూనికతో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరిట లక్షల పుస్తకాలకు ఫోటోలు తీసినారు. ఎంత మేలో చెప్పలేము. కాని తెలుగు పుస్తకాల పేర్లు ఇంగ్లీషు అక్షరాలలో, తోచినట్లు ఎక్కించినారు. మన ఋషి పేరునే భావనా ఋషి, భావనారుషి, బావనరిషి అని ముగ్గురు మూడువిధాల వ్రాస్తే, యంత్రానికి ముగ్గురు వేరువేరు మనుషులు.

ధ్వనిది మరియొక గొడవ. 1995లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంవారు, కూనిరాగం తీస్తే పాటను పట్టే పద్ధతి ప్రకటించినారు. ఉపాయం సులువైనదే. ప్రతి స్వరం ముందు స్వరంకన్న పైకి పోయినదా, క్రిందికి దిగినదా, అట్లే ఉన్నదా అని మూడు గుర్తులు వేసికొని, ఆ గుర్తుల వరుసను వెదకుట. మెట్లు మెట్లుగా పాడే పాటకు సరిపోతుంది. మన పాటలో స్వరం మెట్టుమీద నిలువదు, ఊగుతుంది, జారుతుంది. దానిని పట్టేందుకు బార్సిలోనాలో 2011 నుండి కొన్నేండ్లు కర్ణాటక సంగీతంపై ప్రత్యేకంగా పరిశోధన జరిగినది. కూనపులివారి గొంతైతే పాటలోంచి వచనంలోకి, వచనంలోంచి కేకలోకి పోతుంది. పైగా తాళం మోత! సాంచాల నడుమ పనిచేసే మీకు వేరే చెప్పనక్కరలేదు.

బొమ్మలను పోల్చుట యంత్రానికి నేర్పినది మనుషులే. 2009లో వెలువడిన ఇమేజ్‌నెట్ అనే సేకరణ తరువాత కోటికి పైగా బొమ్మల దాకా పెరిగినది. ఒక్కొక్కదానికి పేరు పెట్టినది మనిషి. ఆ పేర్లు చూచి యంత్రం నేర్చినది. నకాషీ పటానికి అట్లా పేరు పెట్టినవారెందరు? పులిమీద భావనా ఋషి బొమ్మను మేము ఒకసారి ఫోనుకు చూపితే అయ్యప్పస్వామి అని వచ్చినది. దాని తప్పు కాదు. దానికి తెలిసిన పులి అదొక్కటే.

అంతా నిరాశ కాదు. మన తొలి తెలుగు టాకీ "భక్తప్రహ్లాద" ఇక్కడికి దగ్గరనే, బొంబాయిలో తయారైనది. దర్శకులు హెచ్.ఎం. రెడ్డి. బొమ్మ చెడిపోయినది, నేడు ప్రతి లేదు. విడుదల 1931 సెప్టెంబరు 15 అని ఏండ్లతరబడి వ్రాస్తూ వచ్చినారు, పండుగలూ చేసినారు. పాత్రికేయులు రెంటాల జయదేవగారు పాత పత్రికల ప్రకటనలు, సెన్సారు కాగితాలు తిరగవేసి, సెన్సారు అయినది 1932 జనవరి 22న, బొంబాయి కృష్ణా సినిమాలో విడుదలైనది 1932 ఫిబ్రవరి 6న అని తేల్చినారు. బొమ్మ లేకున్నా, దానితోపాటు పుట్టిన కాగితం దొరికినందువల్ల సాధ్యమైనది. కామాఠీపుర పేరుకే కారణమైన మన కామాఠీలు ఆ ఊరిలో అప్పటికే ఉన్నారు. అందులో ఎందరు ఆ ఆట చూచినారో, ఏమనుకొన్నారో చెప్పే కాగితం మాత్రం మాకు కనబడలేదు.

ఆ మరునాడు మేము పెద్దాయన ఇంటికే పోయినాము. ఫోను మూసి, లగ్గం పాట జ్ఞాపకమున్నంత పాడుమన్నాము. నాలుగు చరణాలు వచ్చినవి. అయిదవది వారి ఇల్లాలు అందుకొన్నారు. ధ్వని పట్టుకొని, క్రింద ఈ సంగతులు వ్రాసికొన్నాము: పాడినవారి ఊరు, నేర్పినది ఎవరు, ఏ ఏడు విన్నది, పటంలో ఏ బొమ్మ దగ్గర ఈ పాట వచ్చేది. చివరి ప్రశ్నకు పెద్దాయన కండ్లు మూసికొని, గాలిలో వేలు పెట్టి, "గీడ పందిరి, గీడ సూర్యుడు, గీడ పిల్ల" అని చూపినారు. భద్రావతి సూర్యుని కూతురు గదా! పటం ఆ గోడమీద ఉన్నట్లే చూపినారు.