ఒకే గాడిలో రెండు గొంతులు

శంషాబాదునకు చేరువనున్న పాల్మాకులలో ఒక ఇంట చావి ఇచ్చి నడుపు పాత గ్రామఫోను ఉన్నదనుకొందము. 2008లో విమానాశ్రయము ప్రారంభమైన పిమ్మట ఆ ప్రాంతమునకు విమానముల రొద అలవాటైనది. రొద సద్దుమణిగినప్పుడు ఆ యంత్రముపై వింజమూరి సీతాదేవి, అనసూయాదేవి సోదరీమణుల జానపద గేయపు ప్లేటు పెట్టినచో, మొదట చిటపటలు, వాని వెనుక రెండు గొంతులు వినవచ్చును. ప్లేటుపై గాడి ఒక్కటియే. మరి గొంతులు రెండెట్లు వచ్చినవి?

ఇద్దరు పాడినను, మైకు చెంత ఏ క్షణమందైనను గాలి పీడనము ఒక్కటియే. అది రెండు ధ్వని తరంగముల మొత్తము. గాడి వంపులలో నిలుచునది ఆ మొత్తమే. దానిని మరల విడదీయు పని మన చెవియు, మెదడును చేయును. పాశ్చాత్యుల జంటపాటలలో తరచుగా ఒకరొక స్వరమును, మరియొకరు వేరొక స్వరమును పాడుదురు. మన పల్లెపాటలలో సాధారణముగా అందరును ఒకే స్వరమును పట్టుదురు. అయినను రెండు గొంతులు సరిగా ఏకము కావు. ఒకటి సెకనుకు 240, మరియొకటి 242 కంపనములు చేసినచో, ధ్వని సెకనుకు రెండుమార్లు హెచ్చి తగ్గును. వీనినే విస్పందనములందురు. గొంతులు నిలకడగా ఉండవు గనుక ఇవి లెక్కకు అందక, పాటకు ఒక నిండుదనమును మాత్రము ఇచ్చును.

ఎడిసన్ 1877లో ధ్వనిని నిలువజేసెను. 1887లో బెర్లినర్ బల్లపరుపు ప్లేటును కనిపెట్టెను. 1902లో గైస్‌బర్గ్ కలకత్తాలో గౌహర్ జాన్ పాటలను ముద్రించెను. ఆనాడు గాయకులు కొమ్ములోనికి గట్టిగా పాడవలసి వచ్చెడిది. 1925లో విద్యుత్ పద్ధతి వచ్చిన పిదప మెల్లని గొంతులకును చోటు దొరకెను. 1920లో కాకినాడలో జన్మించిన అనసూయాదేవి ఈ కొత్త యుగపు గాయని. సోదరీమణులిద్దరును రేడియోలోను, ప్లేట్లపైనను పల్లెపాటలను పట్టణముల ఇండ్లకు చేర్చిరి.

కాని యంత్రము వెల లేకుండ ఏదియు ఇయ్యదు. నిమిషమునకు 78 చుట్లు తిరుగు పది అంగుళముల ప్లేటు ఒక ప్రక్కన పట్టునది సుమారు మూడు నిమిషముల పాట. నాటు వేయునప్పటి పాట మడి ముగియువరకు సాగును; ఒకరు అందించిన చరణమును తక్కినవారు అందుకొందురు. ప్లేటు కొరకు దానిని కుదింపవలసి వచ్చెను. పొలములో పాడిన స్త్రీల పేర్లు ప్లేటుపై ఉండవు.

ఆ మూడు నిమిషములును శాశ్వతము కావు. ప్లేటు మోదుగ, రేగు వంటి చెట్లపై పురుగులు చేయు లక్కతోను, రాతిపొడితోను తయారైనది. ఆ పొడి ఉక్కుముల్లును అరగదీసి గాడికి సరిపడునట్లు చేయును. ముల్లు గాడిని అరగదీయును. అందుచే ప్రక్క ప్రక్కకు ముల్లు మార్చవలసి యుండెను. పైగా వెలుపలి గాడి ముల్లు క్రింద సెకనుకు దాదాపు ఒక మీటరు జరుగగా, లోపలి గాడి అందు సగమైనను జరుగదు. కావున పాట చివర హెచ్చు స్వరములు మసకబారును.

అనసూయాదేవి 2019లో అమెరికాలో కన్నుమూసిరి. ఇక మిగిలినవి ఆ గాడులే. వానిని తేలికపాటి ముల్లుతో, సరియైన వేగమున ఒకమారు నడిపి సంఖ్యారూపమున భద్రపరచుట మేలు. ఆ పాటను విని, దాని తరువాతి చరణములను అందుకొనగల ముసలమ్మ ఊరిలో ఇంకను ఉన్నచో ఆమె గొంతును గూడ పట్టియుంచవలయును. ప్లేటులో పట్టనిది ఆమె వద్దనే ఉన్నది.